గేముల్లో నేర్చుకున్నది బతుకులో ఎక్కడైనా పనికొచ్చిందా? పిచ్చివైనా సరే చెప్పండి

కోటగుమ్మం_విజయనగరం అడిగారు:

అందరికీ నమస్తే. మొన్న ఆదివారం మా అప్ప వాళ్లింట్లో భోజనాల దగ్గర పెద్ద గొడవైంది. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి, కంచం ముందు కూడా గేమ్ ఆడుతున్నాడని బావ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేశారు. పెట్టేసి "దీనివల్ల నువ్వు నేర్చుకున్నదేటో ఒక్కటి చెప్పు, ఇప్పుడే తీసి ఇచ్చేస్తాను" అన్నారు. వాడికి నోట మాట రాలేదు. వాడి తరఫున నేను మాట్లాడదామనుకున్నాను గానీ బావ కోపంగా ఉన్నప్పుడు నోరెత్తితే ఇంకోలా ఉంటుందని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే నాకైతే గట్టిగా ఒకటి తట్టింది.

నాది డీటీపీ సెంటర్. దస్తావేజులు, అర్జీలు, పెళ్లి శుభలేఖలు టైప్ చేస్తాను. ఇంటర్ చదివే రోజుల్లో ఫ్రెండ్ ఇంట్లో వైస్ సిటీ ఆడేవాళ్లం. అది 2002లో వచ్చిన గేమ్. అందులో ఎక్కడ పడితే అక్కడ సేవ్ అవదు, మన గదికి వెళ్లి అక్కడ తిరుగుతుండే కేసెట్ బొమ్మ మీద నిలబడాలి. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని వరసగా నాలుగు మిషన్లు కొట్టి, గదికి వెళ్లడం ఎందుకులే ఇంకొక్కటి చూద్దాం అనుకునేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. ఆ నల్లటి స్క్రీన్ ముందు ఇద్దరం ఎంతసేపు కూర్చున్నామో! అప్పట్నుంచి నాకు మిషన్ అయితే సేవ్, ఇప్పుడు పేరా అయితే సేవ్. ఆమధ్య అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజు నలభై పేజీలది టైప్ చేస్తున్నాను, తెల్లారితే రిజిస్ట్రేషన్, ముగ్గురు అన్నదమ్ములూ నా వెనకే కుర్చీలేసుకుని కూర్చున్నారు. సరిగ్గా సర్వే నంబర్ల దగ్గర కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. వాళ్లు ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. కరెంటొచ్చాక ఫైల్ తెరిస్తే పోయింది ఒకే ఒక్క లైను.

దాంతోపాటే ఇంకోటి. ఆ గేమ్‌లో సేవ్ చేసుకోవడానికి 8 స్లాట్లు ఉంటాయి, మేమేమో ఎప్పుడూ మొదటి దాని మీదే రుద్దేవాళ్లం. ఒకసారి డబ్బులన్నీ పోగొట్టుకున్నాక అలవాటులో సేవ్ కొట్టేశాం, ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. అందుకే ఇప్పుడు ప్రతి దస్తావేజుకూ రోజుకో తేదీ పేరుతో వేరే కాపీ ఉంచుతాను. పార్టీలు "మొన్న రాసిందే బాగుంది, అదే ఉంచండి" అన్నప్పుడు అదే కాపాడుతోంది.

పిచ్చిది కూడా చెబుతాను. ఆ గేమ్‌లో పోలీసులు వెంటపడితే షెడ్‌కి వెళ్లి కారుకి రంగు వేయించుకుంటే మరిచిపోతారు. ఇంట్లో తిట్లు పడే సూచన కనబడితే నేను బావి దగ్గర స్నానం చేసి చొక్కా మార్చుకుని వచ్చేవాడిని, నిజంగానే అమ్మ కోపం సగం దిగిపోయేది.

మీవి చెప్పండి. అన్నీ కలిపి బావకు చూపిస్తాను.

పలాస_పిక్కలు రాశారు:

నాది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండోది, 1999లో వచ్చింది. నేను కాశీబుగ్గలో నెట్ సెంటర్‌కి వెళ్లి ఆడేవాడిని. మాది చిన్న జీడిపప్పు యూనిట్, నాన్న పెట్టింది. ఈ గేమ్ లేకపోతే ఆ యూనిట్‌ని నేను నడపగలిగేవాడిని కాదు. ఇది మీ బావగారికి గట్టిగా చెప్పండి.

ఆ గేమ్‌లో ఒక్కో పల్లెటూరి మనిషిని తయారుచేయడానికి 50 ఆహారం కావాలి, తర్వాతి యుగానికి వెళ్లాలంటే 500. కొత్తలో నేను ఎప్పుడూ కట్టెలు కొట్టేవాళ్లనే ఎక్కువ పెట్టేవాడిని, కట్టెలు వేలల్లో పడి ఉండేవి, తిండి మాత్రం సున్నా. అంత సంపద ఉండీ ఒక్క మనిషిని చేయలేకపోయేవాడిని, ఈలోగా కంప్యూటర్ గుర్రాలతో వచ్చి ఊరు తగలబెట్టేది. చాలాసార్లు ఓడిపోయాక తెలిసింది, గుట్టగా ఏది పడి ఉందో దాన్నిబట్టి ఏది తక్కువైందో కనిపెట్టాలి అని.

మా యూనిట్‌లో పిక్కలు ముందు ఆవిరి మీద ఉడికిస్తారు, ఒక రాత్రి ఆరబెట్టి మర్నాడు కటింగ్, ఆ తర్వాత డ్రయ్యర్, ఆ తర్వాత ఆడవాళ్లు కూర్చుని పొట్టు తీస్తారు, చివర్న గ్రేడింగ్. నాన్న ఎప్పుడూ కటింగ్ స్లోగా ఉంది, ఇంకో మెషిన్ కొనాలి అనేవారు. నేను చదువు ఆపి వచ్చిన మొదటి వారంలో చూస్తే డ్రయ్యర్ నుంచి వచ్చిన పప్పు పొట్టుతోనే ట్రేలలో గుట్టలు పడి ఉంది, రెండు రోజుల సరుకు. కటింగ్ ఎంత పెంచితే ఆ గుట్ట అంత పెరుగుతుంది. కొత్త మెషిన్ కొనవద్దని కాళ్లావేళ్లా పడి, కటింగ్‌లో ఉన్న ఇద్దరిని వాళ్లని అడిగే పొట్టు తీసేవైపు మార్చాను. పది రోజుల్లో ట్రేలు ఖాళీ. గ్రేడింగ్ దగ్గర 320 పప్పు (అంటే పౌనుకి దాదాపు 320 గింజలు వచ్చే సైజు) డబ్బాలు నింపుతుంటే నాన్న ఏమీ అనలేదు గానీ ఆ రోజు నుంచి కొనుగోళ్ల పుస్తకం నా చేతికిచ్చేశారు.

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి వేళ్లతో లేచిపోయాయి. ఆ దృశ్యం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు. మాకు పిక్క ఇచ్చే రైతులు ఇళ్ల ముందు కూర్చుని శూన్యంలోకి చూస్తున్నారు. గేమ్‌లో అడవి అయిపోతే కట్టెల పాక అక్కడే ఉంచితే లాభం లేదు, ఇంకో అడవి పక్కన కొత్తది కట్టాలి. ఆ సీజన్‌కి మేం బయటి పిక్క మీదకి మారిపోయాం, పనివాళ్లలో ఒక్కర్ని కూడా తీయలేదు. రైతుల నష్టం ముందు మాది ఏపాటి, అది వేరే సంగతి.

పిచ్చిది: ఆట మొదలవగానే మ్యాపంతా నల్లగా ఉంటుంది, ముందు గుర్రపువాణ్ణి తిప్పి గొర్రెలెక్కడున్నాయో చూస్తాం. నేను ఏ కొత్త ఊళ్లో బస్సు దిగినా ముందు ఒక రౌండు కొట్టి టిఫిన్ సెంటర్ ఎక్కడుందో చూసుకుంటాను. లాడ్జి సంగతి ఆ తర్వాతే.

ఏడురోడ్ల_మెకానిక్ రాశారు:

శ్రీకాకుళంలో కంప్యూటర్లు రిపేర్ చేస్తాను. టీవీ గేమ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ నేర్చుకున్నది ఒకటుంది కదా, కేసెట్ పనిచేయకపోతే తీసి ఊదడం! గళ్లుగళ్లుగా బొమ్మ వస్తే ఊదు, పెట్టు, మారియో వచ్చేస్తాడు. మా వీధిలో బాగా ఊదేవాడని ఒకణ్ణి ప్రత్యేకంగా పిలిచేవాళ్లం, వాడొచ్చి ఊదితే తప్పకుండా ఆడుతుందని నమ్మకం.

ఈ పనిలోకి వచ్చాక అసలు విషయం తెలిసింది. ఊదడం వల్ల కాదు అది పనిచేసింది. తీసి మళ్లీ పెట్టినప్పుడు కేసెట్ అంచున ఉండే ఇత్తడి రంగు పట్టీలు లోపలి పిన్నులకు కొత్తగా రాసుకుంటాయి, కాంటాక్ట్ కుదురుతుంది, అంతే. ఊదితే మన నోటి తడి వెళ్లి ఆ పట్టీలు ఇంకా పాడవుతాయి. ఊదొద్దని నింటెండో కంపెనీ వాళ్లే చెప్పారు. మనం ఆడినవి వాళ్ల అసలు మెషిన్లు కావనుకోండి, వాటికి నకళ్లు, అయినా లోపలి సంగతి ఒకటే.

అంటే పని జరిగింది నిజమే, మనం అనుకున్న కారణం తప్పు. ఇది నాకు రోజూ పనికొస్తుంది. మొన్న ఒకావిడ నరసన్నపేట అవతల ఊరి నుంచి సీపీయూని చీర మూటలో కట్టుకుని బస్సులో తెచ్చింది. వాళ్లబ్బాయి డిగ్రీ ప్రాజెక్టు అందులో ఉంది, ఆన్ చేస్తే స్క్రీన్ రాదు, బీప్ బీప్ అని మోత. ఇంకెక్కడో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది వేయాలి అన్నారట. వాళ్లబ్బాయి ఫోన్‌లో "రెండు దెబ్బలు కొడితే ఒక్కోసారి ఆన్ అవుతుంది అంకుల్" అన్నాడు. దెబ్బ కొడితే ఆన్ అయిందంటే బోర్డు పోలేదు, ఎక్కడో కాంటాక్ట్ కుదరడం లేదు, అది కేసెట్ జబ్బే! ర్యామ్ తీశాను, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో దాని అంచు రెండువైపులా మెల్లగా తుడిచాను, పొడి రాలగొట్టి టక్ మనేదాకా నొక్కాను. స్క్రీన్ వచ్చేసింది. ఆవిడ కళ్లలో నీళ్లు. వంద రూపాయలు తీసుకున్నాను, అది కూడా ఆవిడ ఊరుకోలేదని.

మీ మేనల్లుడికి చెప్పండి, ఏది ఎందుకు పనిచేసిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడమని. కొట్టొద్దని కూడా చెప్పండి, హార్డ్ డిస్క్ పోతుంది.

చీపురుపల్లి_అప్ప రాశారు:

అందరూ మగపిల్లలే రాస్తున్నారు, నేనూ ఒకటి రాస్తాను. నాకు తెలిసింది ఇటుకల గేమ్ ఒక్కటే, జాతరల్లో అమ్మే చేతి మెషిన్, రెండు బ్యాటరీలు వేసేది. దాని అసలు పేరు టెట్రిస్ అనీ, 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన చేశాడనీ మా అబ్బాయి చెప్పాడు. పెళ్లికి ముందు నేను దాన్ని అరిగిపోయేలా ఆడాను.

మాది టెంట్ హౌస్. పెళ్లిళ్ల సీజన్లో చిన్న వ్యాన్‌లో సామాను సర్దడం మా ఆయన పని, ఎప్పుడూ రెండు ట్రిప్పులు. కుర్చీలు ఒక మూల, గుండిగలు ఒక మూల, మధ్యలో ఖాళీలు, వాటిలో ఏదీ పట్టదు. ఒకరోజు ఆయనకి జ్వరం, కుర్రాళ్లకి నేనే చెప్పాను. ముందు గుండిగలన్నీ ఒకదాంట్లో ఒకటి, లోపల గరిటెలు, అట్లకాడలు, జల్లెళ్లు. కుర్చీలు దొంతర్లుగా అడ్డం పడుకోబెట్టించి, కాళ్ల మధ్య సందుల్లో పరదాలు చుట్టలు చుట్టి దూర్చాం. కింద గొయ్యి వదిలితే దాని మీద ఎంత బాగా పేర్చినా ఆ వరస పోదు, ఆ ఆటలో అదే కదా! చివరికి వెనక తలుపు దగ్గర జానెడు చోటు మిగిలితే అందులో సీరియల్ సెట్ల పెట్టె పట్టింది. ఒకే ట్రిప్పు.

కానీ వెళ్లాక ఒక తప్పు తెలిసింది. షామియానా గుంజలు అన్నిటికంటే లోపల పెట్టించాను, అక్కడ ముందు కావాల్సినవి అవే. మొత్తం దింపితే గానీ గుంజలు రాలేదు. ఆటలో దింపేది ఉండదు కాబట్టి అది నాకు నేర్పలేదు. ఇప్పుడు ముందు కావాల్సింది ఆఖర్న ఎక్కిస్తాం.

ఇంకోటి, అందులో నిలువు కర్ర ముక్క వస్తే నాలుగు వరసలు ఒకేసారి పోతాయని పక్కన సందు వదిలి దానికోసం కాచుకు కూర్చుంటాం, అది రాదు, పైకి నిండిపోయి ఆట అయిపోతుంది. మా ఆడపడుచు సంబంధాల విషయంలో ఇంట్లో అందరికీ నేను చెప్పింది ఇదే, నిలువు కర్ర కోసం చూడకండి, ఉన్నవాటిలో కుదిరింది చూడండి అని. అమ్మాయి కూడా సరేనంది, ఇప్పుడు రాజాంలో హాయిగా ఉంది.

బొబ్బిలి_బ్లాక్స్ రాశారు:

అన్నా నేను పదో తరగతి. మైన్‌క్రాఫ్ట్. నిలబడ్డ చోట కాళ్ల కింద తవ్వకూడదు, కింద లావా ఉండొచ్చు. ఇది మా అమ్మమ్మకి చెప్తే "మనం కూర్చున్న కొమ్మ నరుక్కోకూడదని మాకు ఎప్పుడో తెలుసు" అంది.

పనికొచ్చింది మాత్రం నిజంగా ఒకటి ఉంది. గుహలోకి వెళ్లేటప్పుడు కాగడాలన్నీ ఎడమ గోడకే పెట్టుకుంటూ వెళ్తే, తిరిగి వచ్చేటప్పుడు అవి కుడివైపు కనబడాలి, కనబడితే దారి కరెక్ట్. పోయిన ఏడాది సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చాం. మూడు లాంతర్ల దగ్గర జనం తోసుకుంటే మావాళ్ల నుంచి విడిపోయాను, నా దగ్గర ఫోన్ లేదు. మామూలుగా అయితే ఏడ్చేవాణ్ణే. వచ్చేటప్పుడు ఎడమవైపు ఏవేం చూశానో గుర్తు చేసుకున్నాను, చెరుకురసం బండి, నీలం రంగు ఫ్లెక్సీ, గంటస్తంభం, బొమ్మల కొట్టు. అవన్నీ వరసగా కుడివైపు పెట్టుకుంటూ వెనక్కి నడిచి మేం ఆటో దిగిన చోటికి వెళ్లిపోయాను. అరగంటకి నాన్న అక్కడికే వచ్చారు. జనంలో తోపుడుబండి కదిలిపోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి, చెరుకురసం బండి అక్కడ లేదు, కాసేపు కంగారుపడ్డాను.

ఆమదాలవలస_లెక్కలు రాశారు:

అందరూ మంచివే చెప్పారు, బాగున్నాయి. నేను లెక్కల టీచర్ని, నాది డబ్బుతో నేర్చుకున్న పాఠం. కోటగుమ్మం బాబు, మీ బావగారి భయం ఊరికే వచ్చింది కాదు, ఆయన మాట కూడా వినాలి.

ఒక ఫోన్ గేమ్‌లో పెట్టెలు తెరిస్తే బొమ్మలొస్తాయి, అరుదైన బొమ్మ వచ్చే అవకాశం 1 శాతం అని రాసి ఉంది. నేను వంద తెరిస్తే ఒకటి వస్తుందిలే అనుకున్నాను. లెక్కలు చెప్పే నేనే అలా అనుకున్నాను చూడండి, ఆ రంగులూ చప్పుడూ మనిషిని అంత పట్టేస్తాయి. మూడు నెలల్లో 2,400 రూపాయలు పోయాక ఒకరాత్రి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి రాకపోయే అవకాశం 0.99. వందసార్లూ రాకపోయే అవకాశం 0.99ని వందసార్లు గుణించాలి, వచ్చేది దాదాపు 0.366. అంటే వంద పెట్టెలు తెరిచిన ప్రతి వందమందిలో సుమారు ముప్పై ఏడుగురికి ఒక్కటీ రాదు!

మర్నాడు పదో తరగతిలో దీన్నే చేయించాను. వంద చీటీలు, ఒకదాని మీద నెమలి బొమ్మ. ఒకరు తీయడం, చూసి మళ్లీ వేసి కలపడం, అలా వందసార్లు. మళ్లీ వేయడం ముఖ్యం, వేయకపోతే వందోసారికి తప్పకుండా వచ్చేస్తుంది, పెట్టెలు అలా ఉండవు. పిల్లలు జట్లుగా చేశారు, కొన్ని జట్లకి రెండుసార్లు నెమలి వచ్చింది, కొన్నిటికి ఒక్కసారీ రాలేదు. రానివాళ్ల ముఖాలు చూడాలి. సంభావ్యత మీద నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠాలన్నీ ఒకెత్తు, ఆ పీరియడ్ ఒకెత్తు.

ఇప్పుడు ఏ షాపింగ్ యాప్‌లో "ఇంకా రెండు గంటలే" అని గడియారం తిరుగుతున్నా, "రోజూ తెరిస్తే నాణేలు" అన్నా నాకు ఆ పెట్టె గుర్తొస్తుంది, ఫోన్ పక్కన పెట్టేస్తాను. పిల్లాడికి గేమ్ వద్దనకండి, ఆ గేమ్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో వాడితో కలిసి కూర్చుని చూడండి.

వంశధార_ఒడ్డు రాశారు:

కాంట్రా గురించి ఎవరూ రాయలేదేంటి! ఒక్క బుల్లెట్ తగిలితే పోతాం, ఉండేవి మూడు ప్రాణాలు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ నొక్కితే ముప్పై. ఆ కోడ్ పెట్టినాయన కజుహిసా హషిమోటో, ముందు 1986లో గ్రేడియస్ అనే గేమ్ కోసం పెట్టాడు, ఆట తనకే కష్టమై పరీక్ష చేయడానికి కుదరక. చేసినవాడికే కష్టమైందని తెలిశాక నాకెంత ధైర్యం వచ్చిందో! నేను ఆ కోడ్‌ని టీవీ రిమోట్ మీదా, కాలిక్యులేటర్ మీదా, ఆఖరికి పరీక్ష హాల్లో బల్ల మీద వేళ్లతోనూ నొక్కేవాణ్ణి.

నేను చెప్పాలనుకున్నది మూడో స్టేజి, జలపాతం. పైకి ఎక్కుతూ పోవాలి. ఇద్దరాడేటప్పుడు ఒకడు గబగబా ఎక్కేస్తే స్క్రీన్ పైకి జరిగిపోతుంది, కింద ఉన్నవాడు ఏ తప్పూ చేయకుండానే చచ్చిపోతాడు. మా అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద, చేతివాటం ఎక్కువ, ఎప్పుడూ ఎక్కేసేవాడు, నేను కింద పోయేవాణ్ణి, ఏడ్చి రిమోట్ విసిరేసేవాణ్ణి. ఒక వేసవి సెలవుల్లో ఉన్నట్టుండి వాడికి అర్థమైంది. ఒక మెట్టు ఎక్కి, ఆగి, "రా" అనేవాడు. నేను ఎక్కాక ఇంకో మెట్టు. పైనుంచి రాళ్లు దొర్లుతుంటాయి, ఆగడం వాడికి ప్రమాదమే, అయినా ఆగేవాడు. ఆ రోజే మొదటిసారి ఆ స్టేజి ఇద్దరం కలిసి దాటాం.

అన్న ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్లి. నేను డిగ్రీలో రెండు సబ్జెక్టులు ఉండిపోయి నాన్నతో పొలంలో. వాడు ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇవ్వడానికి డబ్బు కూడబెట్టుకున్నాడు, అది నాకు తెలుసు. ఆ ఏడాది నేను సబ్జెక్టులు పూర్తిచేసి బ్యాంకు కోచింగ్‌కి వెళ్తానంటే నాన్న దగ్గర డబ్బు లేదు. నేను అన్నని అడగలేదు. అమ్మ చెప్పినట్టుంది. ఒకరోజు ఫోన్‌కి డబ్బు వచ్చింది, ఫీజుతో పాటు ఆరు నెలల హాస్టల్ ఖర్చు. కింద మెసేజ్ రాసే చోట రెండే మాటలున్నాయి, "ఆగాను, రా."

నేను ఇప్పుడు టెక్కలి దగ్గర ఒక బ్రాంచ్‌లో క్లర్క్‌ని. అన్న ఫ్లాట్ రెండేళ్లు ఆలస్యమైంది. గృహప్రవేశానికి ఆ పాత టీవీ గేమ్ పట్టుకెళ్లాను, కొత్త టీవీకి ఆ వైర్లు కుదరలేదు.

కోటగుమ్మం_విజయనగరం రాశారు:

ఇన్ని రాస్తారని అనుకోలేదు, అందరికీ దండాలు. ఏడురోడ్ల అన్నా, కొత్త టీవీలకి ఆ మూడు రంగుల వైర్లు కలిపే డబ్బా ఏదో ఉంటుంది కదా, వంశధార తమ్ముడికి కాస్త చెప్పండి.

నిన్న రాత్రి ఫోన్ బావ చేతికిచ్చి ఇదంతా చదివించాను. ఆయనది ఎరువుల కొట్టు. పలాస వాళ్లది రెండుసార్లు చదివారు, టెంట్ హౌస్ అప్పది చదివి "గుంజలు లోపల పెట్టేసిందా పాపం" అన్నారు. అన్నదమ్ములది చదివి మాత్రం ఏమీ మాట్లాడలేదు, వాళ్లన్నయ్యతో ఆయనకి చాలాకాలంగా మాటల్లేవు, అది ఇక్కడ రాయకూడదేమో.

మేనల్లుడి ఫోన్ ఇంకా బీరువాలోనే ఉంది. కానీ మాస్టారి లెక్క బావ నమ్మలేదు. వందసార్లు తీస్తే ఒక్కసారైనా రాకుండా ఎలా ఉంటుంది అని వాదించి, పాత బిల్లు పుస్తకం చింపి వాడి చేత వంద చీటీలు చేయించారు, ఒకదాని మీద నెమలి. అప్ప స్టీలు డబ్బా ఇచ్చింది. బావ తీయడం, వాడు లెక్క రాయడం. పదకొండింటికి నేను వచ్చేసేసరికి అరవై నాలుగు అయింది, నెమలి రాలేదు. "నువ్వెళ్లరా, మేం పూర్తిచేసి పడుకుంటాం" అన్నారు. పొద్దున్న అప్ప ఫోన్ చేసింది, డబ్బా ఇంకా మంచం పక్కనే ఉందట, డెబ్బై ఒకటి దగ్గర ఇద్దరూ నిద్రపోయారట.